పెళ్లి వీడియోల మిక్సింగ్‌కి ఏ మానిటర్? బరంపురం వైపు కుర్రాళ్లు తరచుగా అడిగే ప్రశ్నలు

ఒడిశాలోని బరంపురంలో నాది చిన్న ఎడిటింగ్ గది. ఇచ్ఛాపురం, సోంపేట, పర్లాకిమిడి, గుణుపురం, రాయగడ నుంచి హార్డ్‌డిస్కుల్లో ఫుటేజ్ వస్తుంటుంది. అవి తెచ్చే కుర్రాళ్లలో సగం మంది రేపో మాపో సొంత మిక్సింగ్ (ఎడిటింగ్) యూనిట్ పెట్టుకోవాలని చూస్తున్నవాళ్లే. టీ తాగి లేచే ముందు అందరూ అడిగేది ఒకటే: "అన్నా, ఏ మానిటర్ తీసుకోమంటావ్?" గుమ్మంలో నిలబడి అర నిమిషంలో చెప్పే జవాబు కాదది. అందుకే వాళ్లు అడిగిన ప్రశ్నల్ని అడిగినట్టే పెట్టి, నాకు తెలిసినంత రాశాను. మోడల్ నంబర్లు ఇవ్వలేదు. అవి ఆర్నెల్లకోసారి మారిపోతాయి, చూడాల్సిన లక్షణాలు మారవు.

ల్యాప్‌టాప్‌కి స్క్రీన్ ఉంది కదన్నా, మళ్లీ మానిటర్ ఎందుకు?

ల్యాప్‌టాప్ మోడల్ వివరాల్లో డిస్‌ప్లే అన్న చోట చూడండి. చవక ల్యాప్‌టాపుల్లో చాలావాటికి '45 శాతం ఎన్‌టీఎస్‌సీ' అని ఉంటుంది. ఎన్‌టీఎస్‌సీ, ఎస్ఆర్‌జీబీ అన్నవి తెర ఎన్ని రంగులు చూపగలదో చెప్పే కొలతలు. మామూలు వీడియోకి కావలసిన ఎస్ఆర్‌జీబీ రంగుల్లో ఆ తెర సుమారు 60 శాతం పైచిలుకు మాత్రమే చూపిస్తుందని దాని అర్థం. 72 శాతం ఎన్‌టీఎస్‌సీ అని ఉంటే దాదాపు పూర్తి ఎస్ఆర్‌జీబీ. ఇదొక్కటి తెలిస్తే షాపులో సగం మోసం తప్పుతుంది.

ఆ తక్కువ అన్ని రంగుల్లోనూ ఉంటుంది గానీ మనకి దెబ్బ తగిలేది ఎరుపులో. మన పెళ్లిలో ఎరుపు లేని ఫ్రేమ్ ఏది? కుంకుమ, పారాణి, బరంపురం పట్టుచీర అంచు. ఒడియా పెళ్లి అయితే పసుపు చీరకి ఎర్రంచు. తెరమీద ఎరుపు చప్పగా కనిపిస్తుంది, మనం శాచురేషన్ (రంగు చిక్కదనం) పెంచేస్తాం. అదే వీడియో మంచి ఫోన్లో మండిపోతుంది. అప్పుడు పెళ్లికూతురి తండ్రి నుంచి ఫోన్: "ఏటి బాబూ, మా పిల్ల ముఖం ఇలగ ఎర్రగుందేటి?" అని. తప్పు మీ కంటిది కాదు, తెరది. కానీ చెప్పుకుంటే నమ్మేదెవరు?

ఐపీఎస్, వీఏ, టీఎన్, ఓఎల్ఈడీ అంటున్నారు. మన పనికి ఏది?

ఇవన్నీ తెర ప్యానెల్ రకాలు. మనకి ఐపీఎస్. కింద ఇంకేమీ చదవకపోయినా పర్వాలేదు, ఈ ఒక్క మాట పట్టుకోండి.

కారణం మన పని తీరులోనే ఉంది. ఎడిట్ చేసేటప్పుడు ఒక్కరమే కూర్చుంటాం, ఫైనల్ చూడటానికి మాత్రం పెళ్లివారు ఆరుగురు వస్తారు. మేనమామ కుర్చీలో, అత్తగారు పక్కన స్టూల్ మీద, పిల్లలు గుమ్మంలో. టీఎన్ ప్యానెల్ అయితే ఎదురుగా ఉన్నవాళ్లకి ఒక రంగు, పక్కనున్నవాళ్లకి ఇంకో రంగు. నేలమీద కూర్చుని పైకి చూసే పిల్లలకైతే ముఖాలు నెగటివ్‌లా తిరగబడి కనిపిస్తాయి.

వీఏలో నలుపు చిక్కగా ఉంటుంది. కాంట్రాస్ట్ (తెలుపుకీ నలుపుకీ మధ్య తేడా) 3000:1 దాకా వస్తుంది, మామూలు ఐపీఎస్‌లో అది 1000:1 దగ్గరే. రాత్రి ఊరేగింపు షాట్లు వీఏలో ముచ్చటగానే ఉంటాయి. అయితే కాస్త పక్కకి జరిగితే ముఖాలు పాలిపోతాయి, చీకటి షాట్‌లో మనిషి కదిలితే వెనకాల మసి పూసినట్టు చార కనిపిస్తుంది. ఓఎల్ఈడీ వీటన్నిటికన్నా అందమైనది, అందులో మాటే లేదు. కానీ రోజుకి పది గంటలు అదే టైమ్‌లైన్ (క్లిప్పులు వరసగా పేర్చే పట్టీ), అవే బటన్లు, అదే టాస్క్‌బార్ కదలకుండా ఉంటే ఆ గీతలు కొన్నాళ్లకి తెరమీద అచ్చుపడిపోవచ్చు. అన్నం పెట్టే పనిముట్టుతో నేనైతే ఆ రిస్క్ చేయను.

ఒక మాట. నా మొదటి మానిటర్ కొన్నప్పుడు షాపతను "ఐపీఎస్సే సార్" అని ఒట్టేసినంత పని చేశాడు. ఇంటికొచ్చి మోడల్ నంబర్ వెతికితే వీఏ. అప్పట్నుంచి అమ్మేవాళ్ల మాట వినను, పూర్తి మోడల్ నంబర్‌ని కంపెనీ వెబ్‌సైట్‌లోనే కొట్టి చూస్తాను. చివర ఒక్క అక్షరం మారితే ప్యానెలే మారిపోతుంది.

డబ్బా మీద ఎస్ఆర్‌జీబీ, పీ3, అడోబీ ఆర్‌జీబీ అని ఏవేవో శాతాలు ఉంటాయి. దేన్ని చూడాలి?

ఎస్ఆర్‌జీబీ 99 లేదా 100 శాతం ఉందా అని చూడండి. హెచ్‌డీ వీడియోకి ప్రమాణం రెక్ 709. అది 1990 నాటిది. దాని మూల రంగులూ ఎస్ఆర్‌జీబీ మూల రంగులూ ఒకటే, కాబట్టి ఒకటి పూర్తిగా చూపే తెర రెండోదీ చూపినట్టే. అడోబీ ఆర్‌జీబీ ప్రింటింగ్ వాళ్ల సంగతి. ఆల్బమ్ డిజైన్ కూడా మీరే చేస్తుంటే తప్ప దాని జోలికి పోకండి. డీసీఐ-పీ3 సినిమా ప్రొజెక్షన్ కోసం పుట్టి, తర్వాత ఫోన్లలోకి వచ్చింది.

ఇక్కడో గొయ్యి ఉంది, చాలామంది పడతారు. "పీ3 95 శాతం అంట, ఇంకా ఎక్కువ రంగులు కదా" అని కొంటారు. ఆ మానిటర్‌ని అలాగే వదిలేస్తే రెక్ 709 వీడియోని కూడా పీ3 అంత వెడల్పుకి సాగదీసి చూపిస్తుంది. మంగళస్నానం షాట్‌లో పసుపు మరీ చిక్కబడుతుంది, మీరు తగ్గిస్తారు, పెళ్లివారి ఫోన్లో వెలవెలబోతుంది. ల్యాప్‌టాప్ స్క్రీన్ చేసిన తప్పునే ఇది తిరగేసి చేస్తుందన్నమాట. అలాంటిది కొనాలనుకుంటే మెనూలో ఎస్ఆర్‌జీబీ లేదా రెక్ 709 మోడ్ ఉందో లేదో చూడండి. ఆ మోడ్‌లో బ్రైట్‌నెస్ మార్చనిస్తుందా అన్నదీ చూడండి, కొన్నిటిలో ఆ మోడ్ పెట్టగానే బ్రైట్‌నెస్ బిగుసుకుపోతుంది.

డెల్టా ఈ అనే అంకె కూడా ఉంటుంది. ఉండాల్సిన రంగుకీ తెర చూపే రంగుకీ మధ్య తేడా అది. 2 లోపు ఉంటే ఆ తేడా కంటికి దాదాపు దొరకదు. ఆసుస్ ప్రోఆర్ట్, బెన్‌క్యూ పీడీ, డెల్ అల్ట్రాషార్ప్ లాంటి వరసల్లో ఫ్యాక్టరీలోనే రంగు సరిచేసి పంపుతారు.

సైజు ఎంత? 4కే తప్పనిసరా?

ముందు ఒక లెక్క. తెర ఎంత పెద్దదన్నది కాదు, అంగుళానికి ఎన్ని పిక్సెళ్లన్నది ముఖ్యం. 24 అంగుళాల ఫుల్ హెచ్‌డీలో (1920×1080) అంగుళానికి 92. అదే ఫుల్ హెచ్‌డీని 27 అంగుళాలకి సాగదీస్తే 82కి పడిపోతుంది. 27లో 2560×1440 అయితే 109, 27లో 4కే (3840×2160) అయితే 163, 32లో 4కే అయితే 138.

మన సరిహద్దు పనిలో ఈ అంకెలకి ఇంకో అర్థం ఉంది. ఇటు పెళ్లిళ్లకి టైటిల్స్ రెండు లిపుల్లో వేస్తాం, పెళ్లికూతురు వైపు తెలుగు, పెళ్లికొడుకు వైపు ఒడియా, లేదా తిరగేసి. తెలుగులో 'శ్రీలక్ష్మీ' అని రాస్తే క్ష కింద మ ఒత్తు, పైన గుడిదీర్ఘం, అన్నీ ఒకే చోట కుక్కుకుంటాయి. చాలా ఒడియా అక్షరాలకి పైన గొడుగులాంటి వంపు ఒకేలా ఉంటుంది, తేడా అంతా కింద చిన్న మెలికలో. 82 పిక్సెళ్ల తెరమీద ఇవి ముద్దగా కనిపిస్తాయి, అచ్చుతప్పు ఉన్నా కంట పడదు. ఒకసారి పెళ్లికొడుకు ఇంటిపేరులో ఒడియా అక్షరం ఒకటి మారిపోయి అలాగే రెండర్ (ఫైనల్ ఫైల్ తయారు) అయిపోయింది. హాల్లో ఎల్ఈడీ వాల్ మీద పన్నెండడుగుల ఎత్తున కనిపించాక గానీ ఎవరూ గమనించలేదు. ఆ పూట నేను భోజనాల వైపు వెళ్లలేదు.

కాబట్టి 27 అంగుళాల ఫుల్ హెచ్‌డీ మాత్రం వద్దు. చవగ్గా పెద్ద తెర దొరికిందని సంబరపడి కొనేది అదే. డబ్బు తక్కువైతే 24 ఫుల్ హెచ్‌డీ, కుదిరితే 24 అంగుళాల్లోనే 1920×1200 ఉన్నది. ఎత్తులో వచ్చే ఆ 120 పిక్సెళ్లు టైమ్‌లైన్‌లో ఇంకో రెండు ట్రాకులకి చోటిస్తాయి. నన్నడిగితే చాలామందికి సరిపోయేది 27 అంగుళాల 2560×1440.

4కే ఎవరికి? 4కేలోనే డెలివరీ ఇచ్చేవాళ్లకి, ఫోకస్ తప్పిన షాట్లని ఏరాల్సినవాళ్లకి. ఎడిట్ చేస్తున్నంతసేపూ ప్రివ్యూ కిటికీ తెరలో ఒక మూలే కదా, అక్కడ 4కే అందం మీకు కనిపించదు. ఫుల్‌స్క్రీన్ కొట్టినప్పుడే దాని విలువ. 4కే ఫుటేజ్‌ని 1440 మానిటర్ మీద ఎడిట్ చేసి 4కేలోనే రెండర్ ఇవ్వొచ్చు, మానిటర్ అడ్డేమీ కాదు. ఈ సంగతి చెబితే చాలామంది ఆశ్చర్యపోతారు.

144 హెర్ట్జ్ గేమింగ్ మానిటర్ ఆఫర్‌లో ఉంది, తీసుకోనా?

ఐపీఎస్ అయి, ఎస్ఆర్‌జీబీ 99 శాతం ఉంటే తీసుకోండి. లేకపోతే వద్దు. 1 మిల్లీసెకండ్ రెస్పాన్స్ మనకి ఎందుకూ పనికిరాదు.

కానీ హెర్ట్జ్ (అంటే సెకనుకి ఎన్నిసార్లు) గురించి ఎవరూ చెప్పని సంగతి ఒకటుంది. మన దేశంలో కరెంటు 50 హెర్ట్జ్. కళ్యాణ మండపంలో ట్యూబ్‌లైట్లు సెకనుకి 100 సార్లు మినుకుతాయి, అందుకే సెకనుకి 25 ఫ్రేములు పెట్టి, షటర్ 1/50లో తీస్తే చారలు రావు. మన పాత టీవీ పద్ధతి 'పాల్'లోనూ ఇదే 25. ఇప్పుడు ఈ 25ని 60 హెర్ట్జ్ మానిటర్ మీద వేయండి. 60ని 25తో భాగిస్తే 2.4. ఒక ఫ్రేమ్ రెండుసార్లు, తర్వాతది మూడుసార్లు, ఇలా వంకరటింకరగా చూపిస్తుంది. మండపం మీద నిదానంగా ప్యాన్ చేసిన (కెమెరా పక్కకి తిప్పిన) షాట్ చిన్నగా గెంతుతూ కనిపిస్తుంది. అది చూసి కెమెరామన్‌ని తిట్టినవాళ్లని నేనెరుగుదును, అందులో నేనూ ఒకణ్ని.

75 హెర్ట్జ్ మానిటర్‌లో ఒక్కో ఫ్రేమ్ సరిగ్గా మూడుసార్లు వస్తుంది, 100లో నాలుగుసార్లు. గెంతు పోతుంది. ఇప్పుడు చవక మానిటర్లలో కూడా 75, 100 హెర్ట్జ్ వస్తున్నాయి. 144 ఉన్నదాన్ని కూడా సెట్టింగ్స్‌లో 100కి దించుకోవచ్చు, జాబితాలో ఉంటే. మీ దగ్గరున్నది 60దే అయినా విండోస్ అడ్వాన్స్‌డ్ డిస్‌ప్లేలోకి వెళ్లి చూడండి, చాలావాటిలో 50 ఉంటుంది. పైసా ఖర్చు లేదు.

8 బిట్, 10 బిట్?

8 బిట్‌లో ఒక్కో రంగుకి 256 మెట్లు, 10 బిట్‌లో 1024. స్టేజీ వెనక నీలం లైటు మెల్లగా చీకట్లో కలిసేచోట 8 బిట్‌లో మెట్లుమెట్లుగా పట్టీలు కనిపిస్తాయి. '8 బిట్ + ఎఫ్ఆర్‌సీ' అని ఉంటే పక్కపక్క రంగుల్ని చకచకా మార్చి 10 బిట్ అనిపిస్తుంది. మన పనికి అది చాలు. మీ కెమెరాయే 8 బిట్‌లో తీస్తుంటే 10 బిట్ మానిటర్ కొన్నంత మాత్రాన ఫుటేజ్‌లోని పట్టీలు పోవు.

హెచ్‌డీఆర్ ఉన్నది తీసుకుంటే భవిష్యత్తుకి పనికొస్తుందా?

బాగా వెలుతురునీ బాగా చీకటినీ ఒకే ఫ్రేమ్‌లో చూపే పద్ధతి హెచ్‌డీఆర్. 'హెచ్‌డీఆర్ 400' అన్న స్టిక్కర్‌కి అదనంగా డబ్బు ఇవ్వకండి. ఆ స్థాయికి తెరలో ఒక్కో భాగం వెలుతురు విడిగా తగ్గాలన్న షరతే లేదు, మొత్తం తెర ఒక్కసారే వెలుగుతుంది. అసలైన హెచ్‌డీఆర్ గ్రేడింగ్ (రంగులు సరిదిద్దే) మానిటర్ ధరకి ఇంకో కెమెరా వస్తుంది. పెళ్లివారెవరూ హెచ్‌డీఆర్ అడగరు.

అయితే హెచ్‌డీఆర్ మనల్ని వెతుక్కుంటూ వస్తుంది. 2020లో వచ్చిన ఐఫోన్ 12 నుంచి చాలా ఐఫోన్లు, సెట్టింగ్ మార్చకపోతే, హెచ్‌డీఆర్‌లోనే వీడియో తీస్తున్నాయి. పెళ్లికూతురి స్నేహితురాలు "ఈ క్లిప్ కూడా కలపండి అన్నయ్యా" అని పంపుతుంది. టైమ్‌లైన్‌లో పడేస్తే ముఖాలు తెల్లగా కాలిపోయి ఉంటాయి. అది మానిటర్ లోపం కాదు. ఆ క్లిప్ రంగుల ప్రమాణాన్ని ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్‌లో రెక్ 709కి మార్చుకోవాలి. దీని కోసం కొత్త మానిటర్ కొనబోయినవాణ్ని ఒకణ్ని షాపు మెట్ల మీద ఆపాను.

4కే మానిటర్ కొన్నాక మౌస్ ఈడ్చుకుంటూ వెళ్తోంది. పాడైందా?

కేబుల్ చూడండి, పోర్టు చూడండి. పాత ల్యాప్‌టాపుల్లో హెచ్‌డీఎంఐ 1.4 ఉంటుంది, అది 4కేని సెకనుకి 30 సార్లే పంపగలదు. 60 కావాలంటే హెచ్‌డీఎంఐ 2.0 లేదా డిస్‌ప్లేపోర్ట్ 1.2 రెండువైపులా ఉండాలి, కేబుల్ కూడా ఆ స్థాయిది కావాలి. కొనేముందే మీ గ్రాఫిక్స్ కార్డు వెనక ఏముందో ఫోన్లో ఫొటో తీసుకెళ్లండి.

అదే హెచ్‌డీఎంఐతో ఇంకో తంటా. కొన్నిసార్లు గ్రాఫిక్స్ కార్డు మానిటర్‌ని టీవీ అనుకుని నలుపు నుంచి తెలుపు దాకా ఉండే 0-255 మెట్ల బదులు 16-235 మాత్రమే పంపుతుంది. నలుపు బూడిదగా కనిపిస్తుంది, మీరు నల్లదనం పెంచుతారు, అవతల జుట్టంతా తారు ముద్ద. గ్రాఫిక్స్ సెట్టింగ్స్‌లో ఔట్‌పుట్ రేంజ్ 'ఫుల్' అని ఉందో లేదో చూసుకోండి. వీజీఏ కేబుల్ గురించి ఎవరైనా మాట్లాడితే వినిపించుకోకండి.

క్యాలిబ్రేషన్ నిజంగా కావాలా? ఆ పరికరం ఖరీదు కదా?

తెర రంగుల్ని పరికరంతో కొలిచి సరిచేయడమే క్యాలిబ్రేషన్. అది కావాలి. కానీ దానికన్నా ముందు చేయాల్సిన ఉచిత పనులున్నాయి.

నా సంగతి చెబుతాను. ముహూర్తాల రోజులు, వరసగా మూడు రాత్రులు కూర్చుని ఒక పెళ్లి పూర్తిచేశాను. విండోస్‌లో నైట్ లైట్ సాయంత్రం దానంతటదే వెలిగేలా ఎప్పుడో పెట్టి మరిచిపోయాను. తెర పసుపెక్కి కనిపిస్తుంటే కెమెరాలో వైట్ బ్యాలెన్స్ తప్పిందనుకుని క్లిప్పు క్లిప్పుకీ నీలం కలుపుతూ పోయాను. తెల్లారి ఫోన్లో చూస్తే పెళ్లికొడుకు తెల్ల పంచె నీలిమందులో ముంచి తీసినట్టుంది, ఒడియా పెళ్లికూతురి శోలా ముకుటం (తెల్లటి బెండు కిరీటం) లేత నీలం. మళ్లీ మొదట్నుంచి.

కాబట్టి మొదట నైట్ లైట్, ట్రూ టోన్, మానిటర్‌లోని ఐ కేర్, ఆటో బ్రైట్‌నెస్, డైనమిక్ కాంట్రాస్ట్, 'వివిడ్', 'మూవీ' అన్నీ తీసేయండి. ఎస్ఆర్‌జీబీ లేదా రెక్ 709 మోడ్ పెట్టండి. గామా (నడిమి ఛాయలు ఎంత వెలుగ్గా ఉండాలన్న సెట్టింగ్) 2.2. పూర్తి చీకటి గదిలో పనిచేసేవాళ్లు 2.4 పెడతారు, మనలా లైటు వేసుకుని పనిచేసేవాళ్లకి 2.2 నయం. ఇక బ్రైట్‌నెస్. మానిటర్లు 250, 350 నిట్లతో (వెలుతురు కొలత) వస్తాయి, గ్రేడింగ్‌కి కావలసింది 100 నుంచి 120. కొలిచే పరికరం లేకపోతే తెర పక్కన తెల్ల కాగితం పట్టుకుని, తెరమీది తెలుపు ఆ కాగితం తెలుపుతో సమానమయ్యేదాకా తగ్గించండి. మొదట్రోజు చీకటిగా అనిపిస్తుంది, మూడో రోజుకి అలవాటవుతుంది. గ్రేడింగ్‌కి అరగంట ముందే మానిటర్ ఆన్ చేసి పెట్టండి.

పరికరం విషయం. కాలిబ్రైట్, డేటాకలర్ స్పైడర్ లాంటివి తెరకి ఆనించి రంగు కొలుస్తాయి. ఏడాదికి నాలుగైదుసార్లు వాడేదానికి ఒక్కడే డబ్బు పెట్టడం దండగ. మేం నలుగురం కలిసి ఒకటి కొన్నాం, నెలకొకరి దగ్గర ఉంటుంది. నాలుగు గదుల్లోనూ ఒకే తెలుపు కనిపిస్తోంది, ఒకరి పని ఇంకొకరు అందుకోవడానికీ బాగుంది.

ఒక మెలిక గుర్తుంచుకోండి. ఆ పరికరం తయారుచేసే కలర్ ప్రొఫైల్‌ని అన్ని సాఫ్ట్‌వేర్లూ పట్టించుకోవు. ప్రీమియర్‌లో డిస్‌ప్లే కలర్ మేనేజ్‌మెంట్ అని టిక్ పెట్టుకోవాలి. విండోస్‌లో డావించీ రిజాల్వ్ వ్యూయర్ ఆ ప్రొఫైల్‌ని వాడదు, మ్యాక్‌లో అయితే దానికి సెట్టింగ్ ఉంది. అందుకే మానిటర్ సొంత మోడ్ బాగుండటం మీదే నేను ఎక్కువ పట్టుబడతాను. ఎడియస్ వాడేవాళ్లకీ నా సలహా అదే.

గదికీ మానిటర్‌కీ సంబంధం ఏంటి?

చాలా ఉంది. మన వైపు ఇళ్లకి చిలకాకుపచ్చ, ముదురు నీలం రంగులంటే ఇష్టం. చిలకాకుపచ్చ గోడకి ఎదురుగా మానిటర్ పెట్టుకుని గంటసేపు చూస్తే కన్ను ఆ పచ్చకి అలవాటుపడి, తెరమీద ముఖాలు గులాబీగా కనిపిస్తాయి. గోడకి బూడిద రంగు వేయడానికి ఇంటి ఓనర్ ఒప్పుకోకపోతే మానిటర్ వెనక బూడిద రంగు దుప్పటి వేలాడదీయండి.

లైటు విషయంలో మనకి అదృష్టం కలిసొచ్చింది. మన షాపుల్లో 'కూల్ డే లైట్' అని అమ్మే ఎల్ఈడీ ట్యూబుల వెలుతురు రంగు 6500 కెల్విన్. వీడియో తెలుపుకి ప్రమాణమూ దాదాపు అదే. ఆ ట్యూబుని నెత్తిమీద కాకుండా మానిటర్ వెనక, గోడకి కొట్టేలా పెట్టండి. కిటికీ మాత్రం మీ వీపు వెనక ఉండకూడదు.

రెండు మానిటర్లా, ఒక అల్ట్రావైడా?

34 అంగుళాల 3440×1440 అల్ట్రావైడ్ మీద టైమ్‌లైన్ పొడుగ్గా పరుచుకుంటుంది, నాలుగు గంటల ట్రెడిషనల్ వీడియో చేసేవాళ్లకి హాయి. నేనైతే రెండు మానిటర్ల పక్షం. రంగు చూసుకునేది ఒకటి మంచిది, బిన్‌లూ (క్లిప్పుల గుంపులు) ఫోల్డర్లూ పెట్టుకునేది ఏదైనా పాతది. ఒకటి పాడైతే రెండోదానితో సీజన్ గడుస్తుంది. కాకపోతే రెండో తెరమీద రంగు చూడనని ఒట్టు పెట్టుకోండి. బాగా వంపు తిరిగిన మానిటర్‌లో మండపం స్తంభాలు నిటారుగా ఉన్నాయో లేదో తేల్చుకోవడం కష్టం.

ఇంట్లో 43 అంగుళాల 4కే టీవీ ఖాళీగా ఉంది. అదే మానిటర్‌గా వాడితే?

పెళ్లివారికి చూపించడానికి వాడండి, ఎడిట్ చేయడానికి వద్దు. చాలా టీవీలు రంగు సమాచారాన్ని కుదించి చూపిస్తాయి, ఎర్రటి చిన్న అక్షరాల అంచులు అలుక్కుపోతాయి. పీసీ మోడ్ ఉంటే కొంత నయం.

కరెంటు, ఉప్పుగాలి, తుఫాన్లు... మానిటర్ బతుకుతుందా?

మానిటర్‌ని కూడా యూపీఎస్‌కే కలపండి. సీపీయూకి యూపీఎస్ పెట్టి మానిటర్‌ని గోడ ప్లగ్గుకి పెట్టినవాళ్లున్నారు. కరెంటు పోయాక కంప్యూటర్ నడుస్తూనే ఉంటుంది, ఏం సేవ్ చేయాలో కనిపించదు. 27 అంగుళాల మానిటర్ తినేది 30-40 వాట్లే, భారమేం కాదు.

గోపాలపూర్ సముద్రం మాకు 15 కిలోమీటర్లే. తీరానికి దగ్గరగా ఉన్నవాళ్లు కిటికీ పక్కన మానిటర్ పెట్టకండి, వాడనప్పుడు గుడ్డ కప్పండి, పోర్టులు తుప్పు పట్టకుండా ఉంటాయి. తుడవడానికి అద్దాలు తుడిచే లిక్విడ్ వాడొద్దు, పైపూత పోతుంది. మెత్తటి మైక్రోఫైబర్ గుడ్డని కాస్త తడిపి తుడిస్తే చాలు. తుఫాను హెచ్చరిక రాగానే అన్ని కేబుళ్లూ పీకేసి, మానిటర్‌ని నేలకి ఎత్తుగా, కిటికీకి దూరంగా పెట్టేయండి. 2013లో ఫైలిన్ గోపాలపూర్ దగ్గరే తీరం దాటింది, 2018లో తిత్లీ పలాస దగ్గర. ఆ రెండూ చూసినవాళ్లకి ఇది చెప్పక్కర్లేదు.

ఎక్కడ కొనాలి? విశాఖా, భువనేశ్వరా, ఆన్‌లైనా?

ధర కన్నా ముందు ఒక ప్రశ్న: పాడైతే మనిషి మీ ఇంటికొస్తాడా, మీరు మోసుకెళ్లాలా? కంపెనీ సర్వీస్ పేజీలో మీ పిన్‌కోడ్ కొట్టి చూడండి. బరంపురంలో ఉన్న సౌకర్యం గుణుపురంలో ఉండకపోవచ్చు. ఇచ్ఛాపురంలో చుట్టాలింటి అడ్రసుకి ఆర్డర్ పెట్టి ఇటు తెచ్చుకునేవాళ్లు కూడా తమ ఒడిశా పిన్‌కోడ్‌కే సర్వీస్ చూసుకోవాలి. గుణుపురం రైల్లో 32 అంగుళాల డబ్బాని సర్వీస్ సెంటర్‌కి మోసుకెళ్లిన తమ్ముడొకడు నాకు తెలుసు. ఎప్పుడు మోయాల్సి వచ్చినా నిలువుగానే పట్టుకోండి, పడుకోబెట్టి పైన సామాను పెట్టొద్దు.

మీకు జీఎస్టీ నంబర్ ఉంటే బిల్లు మీద వేయించుకోండి, ఇన్‌పుట్ క్రెడిట్ వస్తుంది. 32 అంగుళాల దాకా మానిటర్లకి 18 శాతం పన్ను. అంతకన్నా పెద్దవాటికి 28 ఉండేది, 2025 సెప్టెంబర్ 22 నుంచి వాటికీ 18 అయింది.

సెకండ్‌హ్యాండ్ తీసుకోవచ్చా?

ఆఫీసుల నుంచి వచ్చిన పాత మంచి ఐపీఎస్ మానిటర్, కొత్త చవక మానిటర్ కన్నా చాలాసార్లు మేలు. సికింద్రాబాద్ చెనాయ్ ట్రేడ్ సెంటర్ వైపు వెళ్లే పని ఉంటే చూసి రండి. తెర మొత్తం తెలుపు పెట్టించి, మూలల్లో పసుపు తిరిగిందేమో గమనించండి. కొన్ని మోడళ్లలో మెనూలోనే ఎన్ని గంటలు వాడారో ఉంటుంది. చూపించనంటే వచ్చేయండి.

డబ్బు సరిపోవట్లేదు. ఎక్కడ తగ్గించుకోవచ్చు?

హెచ్‌డీఆర్, 4కే, స్పీకర్లు, వంపు, 144 హెర్ట్జ్, ఈ వరసలో కొట్టేయండి. ఐపీఎస్‌నీ ఎస్ఆర్‌జీబీనీ ముట్టుకోకండి. స్టాండ్ ఎత్తు మారకపోతే కింద రెండు పాత ఆల్బమ్‌లు పెట్టండి, మన దగ్గర వాటికి కొదవేముంది. తెర పైఅంచు కంటికి ఎదురుగా ఉంటే మెడ బతుకుతుంది.

తెచ్చిన రోజు ఏం చూసుకోవాలి?

డబ్బా విప్పేటప్పుడు ఫోన్లో వీడియో తీయండి. రాత్రి లైటు ఆపేసి తెరంతా నలుపు పెట్టండి. అంచుల నుంచి వెలుతురు కారుతోందా చూడండి. ఐపీఎస్‌లో మూలల్లో కొంచెం మెరుపు సహజం, ఒక పక్క నుంచి టార్చి వేసినట్టుంటే వెనక్కి పంపండి. తర్వాత తెలుపు, ఎరుపు, పచ్చ, నీలం ఒక్కొక్కటిగా పెట్టి చచ్చిన పిక్సెల్ ఉందేమో వెతకండి. ఒకటి రెండు పిక్సెళ్లకి వారంటీలో మార్చని కంపెనీలున్నాయి, కాబట్టి షాపు ఇచ్చిన రిటర్న్ గడువులోపే పట్టుకోవాలి. ఆఖరున మీరు పోయినేడు ఇచ్చిన పెళ్లి వీడియో ఒకటి వేసి చూడండి. పాత తెరమీద మీరేం తప్పులు చేశారో అందులో కనిపిస్తాయి. డబ్బా, థర్మకోల్ అటక మీద పెట్టేయండి, ఇల్లు మారినా సర్వీస్‌కి పంపినా అవే కావాలి.